ట్యాంకు ఏ మూల ఉందని కాదు, నీళ్ళ వేడి ఎంతని అడగండి

చేతబడి అంటే నవ్వే చదువుకున్నవాళ్ళు కూడా "ఏదో కుట్ర" అంటే చప్పున నమ్మేస్తారు. 1976 జులైలో ఫిలడెల్ఫియాలోని ఒక హోటల్లో మాజీ సైనికుల మహాసభ జరిగింది. తర్వాత కొద్ది రోజుల్లోనే న్యుమోనియా చావులు మొదలయ్యాయి. మొత్తం 34 మంది పోయారు. విషమన్నారు, కమ్యూనిస్టుల పనన్నారు. జోసెఫ్ మెక్‌డేడ్ అనే శాస్త్రవేత్త మాత్రం పాత స్లైడ్లు తీసి మళ్ళీ చూశాడు. 1977 జనవరిలో దొంగ దొరికింది. అదొక బాక్టీరియా. పేరు లీజియొనెల్లా.

ఇది 20 నుంచి 45 డిగ్రీల నీళ్ళలో హాయిగా పెరుగుతుంది. ఎ.సి. కూలింగ్ టవర్ల నుంచి, షవర్ల నుంచి లేచే తుంపరతో ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. కాచి చల్లార్చిన నీళ్ళు తాగుతున్నాం కదా అనుకుంటే కుదరదు, దారి నోరు కాదు, ఊపిరి. పెన్సిలిన్ దీనిమీద పనిచేయదు, అజిత్రోమైసిన్ పనిచేస్తుంది. అందుకే "న్యుమోనియా" అని రాసి ఊరుకోకుండా ఏ క్రిమి అని వెతకాలి.

అదుపు చేయడంలో మహత్తేమీ లేదు. వేడినీళ్ళ ట్యాంకులో 60 డిగ్రీలు ఉండాలి, కుళాయి దాకా 50కి తగ్గకూడదు (చర్మం కాలకుండా కుళాయి దగ్గర చన్నీళ్ళు కలిసే ఏర్పాటుండాలి). వాడని గదుల్లో వారానికోసారైనా నీళ్ళు వదలాలి. కూలింగ్ టవర్లు కడగాలి, క్రిమిసంహారకం వేయాలి.

ఆసుపత్రి కట్టేటప్పుడు ఓవర్‌హెడ్ ట్యాంకు నైరుతిలోనే ఉండాలని వాస్తు సిద్ధాంతి చేత చెప్పించుకుంటారు. అందులో నీళ్ళు ఎన్ని డిగ్రీలున్నాయో రాసే రిజిస్టరు ఉందా? రోగి బంధువులు అడిగితే చూపించాలని చట్టం చేయమంటాను నేను.