టైరు కొనేముందు మూడో ప్రశ్న



మన హాస్టల్లో చదివిన వాళ్ళ ఇళ్ళలో కార్లున్నవి తక్కువ. ఆటో మీదో, మోటారు సైకిలు మీదో బతికే ఇళ్ళు ఎక్కువ. మా ఇల్లూ అలాంటిదే. మా వంశంలో డిగ్రీ దాటిన మొదటివాణ్ణి నేను. నా ఫీజులు, బస్సు ఛార్జీలు మా నాన్న లగేజీ ఆటో సంపాదించి పెట్టినవే. అందుకే ఈ సంచికలో టైర్ల గురించి రాయాలనిపించింది.

టైరు కొనేటప్పుడు మనం అడిగేవి రెండే ప్రశ్నలు. ఎంత? ఎన్నాళ్ళొస్తుంది? ఎంత తేలికగా దొర్లుతుంది అనే మూడో ప్రశ్న ఎవరూ అడగరు. పేదవాడు తప్పక అడగాల్సింది ఆ ప్రశ్నే అని నా అభిప్రాయం. టైరు ధర ఒక్కసారి ఇస్తాం. బరువుగా దొర్లే టైరుకు మాత్రం రోజూ డీజిల్ పోస్తూనే ఉండాలి.

హైస్కూల్లో దొర్లుడు ఘర్షణ అని చదువుకున్నాం కదా! టైరు నేలకు ఆనిన చోట బండి బరువుకు నొక్కుకుపోతుంది, పైకి రాగానే మళ్ళీ గుండ్రమవుతుంది. ఇలా నొక్కుకున్న ప్రతిసారీ కొంత శక్తి వేడిగా మారి వృథా అవుతుంది. ఉరవకొండ నుండి అనంతపురం దాకా వెళ్ళి టైరు మీద చెయ్యి పెట్టి చూడండి. ఆ వేడిలో కొంత మనం బంకులో డబ్బిచ్చి కొన్నదే! కార్లలో కాలే ఇంధనంలో సుమారు ఐదో వంతు, బరువు లారీల్లో సుమారు మూడో వంతు ఇలా టైర్ల దగ్గరే ఖర్చవుతుందని అంచనా.

ఈ సంగతి మన పెద్దలకు తెలియనిది కాదు. ఇనుప పట్టా వేసిన కర్ర చక్రం నల్లరేగడిలో దిగబడేది. గాలి టైర్ల బండి వచ్చాక ఎద్దులకు ఆ కష్టం తగ్గింది. 1888లో బెల్‌ఫాస్ట్‌లో గాలి టైరు తయారుచేసిన డన్‌లప్ కూడా పశువైద్యుడే. ఎద్దు శ్రమ తగ్గించే చక్రాన్ని మెచ్చుకున్న మనం, ఇంటి ఖర్చు తగ్గించే చక్రం గురించి ఆలోచించకపోతే ఎలా?

తేలికగా దొర్లే టైరు జారుతుందని కొందరంటారు. పూర్వం ఇందులో కొంత నిజముంది. 1992లో మిషెలిన్ కంపెనీ రబ్బరులో సిలికా కలిపి, తడి రోడ్డు మీద పట్టు పోకుండానే దొర్లుడు ఘర్షణ తగ్గించిన టైరు తెచ్చింది. అయినా రెండూ విచారించే కొనాలి. మనది కరువు సీమే గానీ, నెలల తరబడి దుమ్ము, నూనె పేరుకున్న రోడ్డు మీద తొలి వాన పడితే ఎంత జారుడో మనకు తెలుసు.

ఐరోపాలో 2012 నుండి టైర్ల మీద ఇంధన పొదుపు, తడి రోడ్డు పట్టు, శబ్దం తెలిపే లేబుళ్ళున్నాయి. మన దేశంలోనూ ఫ్రిజ్‌లకు ఇచ్చినట్లే టైర్లకు స్టార్లు ఇచ్చే పథకం వచ్చింది. కానీ అది కార్లు, లారీలు, బస్సుల టైర్లకే! ఆటోలకు, మోటారు సైకిళ్ళకు లేదు. నా అభ్యంతరం ఇక్కడే. రోజుకు 500 రూపాయల డీజిల్ పోసే ఆటోలో నూటికి 3 మిగిలినా రోజుకు 15 రూపాయలు. నెలకు 25 రోజులు తిరిగితే ఏడాదికి 4,500. కారున్నవారికి అది లెక్కలోకి రాకపోవచ్చు. ఆటో తోలేవారికి అది ఫైనాన్సు కంతులో భాగం, పిల్లల పుస్తకాలు. స్టార్లు ముందుగా అవసరమైంది ఈ టైర్లకే.

అంతవరకూ మన చేతిలో ఉన్న పని చేద్దాం. గాలి తగ్గితే మంచి టైరు కూడా బరువెక్కుతుంది. పదిహేను రోజులకొకసారి, పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు, కంపెనీ చెప్పినంత గాలి ఉందో లేదో చూడాలి. అంతకు మించి కొట్టిస్తే పట్టు తగ్గుతుంది, టైరు నడిమధ్య అరుగుతుంది. పెట్రోలు బంకుల్లో గాలి ఉచితంగా పట్టాలన్న నిబంధన ఉంది, అడగడానికి మొహమాటం వద్దు.

తమ్ముళ్ళారా! సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మీ నాన్న బండి టైర్లలో గాలి చూడండి. ఇంజనీరింగ్, ఐ.టి.ఐ. చదివి ఉద్యోగాల్లో ఉన్న అన్నలారా! ఆటో టైర్లకూ స్టార్లు కావాలని అందరం కలిసి అర్జీ పెడదాం. రాసే పని నేను చేస్తాను, సంతకాలు మీరు చేయండి.