చీపుర్ల గదిలో హీరోయిన్

న్యూయార్క్ అండర్‌గ్రౌండ్ కళ అనగానే మన కళాభిమానులకు పూనకం వస్తుంది. చిత్రకారుడు ఆండీ వార్హోల్ స్టూడియో ‘ఫ్యాక్టరీ’, ఆ వెండి గోడలు, ఎవరైనా ఎలాగైనా బతకొచ్చన్న ఆ స్వేచ్ఛ! లోకం తరిమేసిన ట్రాన్స్ మహిళలను అక్కున చేర్చుకుని తారలను చేశాడట ఆ మహానుభావుడు. ఈ భజన ఇక కట్టిపెట్టండి. ఆ ఉదారులంతా ఎవరి రెక్కల కష్టం తిని పెరిగారో ముందు లెక్క తేల్చండి.

ట్రాన్స్ నటి క్యాండీ డార్లింగ్ సంగతే తీసుకుందాం. 1944లో న్యూయార్క్ నగరంలోని క్వీన్స్‌లో పుట్టింది, లాంగ్ ఐలండ్‌లో పెరిగింది. పాత హాలీవుడ్ సినిమాలు చూసి చూసి నటి కిమ్ నోవాక్ నడకా, మాట తీరూ ఒంటబట్టించుకుంది. 1960ల చివర్లో జాకీ కర్టిస్ రాసిన ‘గ్లామర్, గ్లోరీ అండ్ గోల్డ్’ నాటకంలో వేసింది. అప్పటికి పేరూ ఊరూ తెలియని రాబర్ట్ డి నీరో కూడా ఆ నాటకంలో వేషాలు కట్టినవాడే. అతనికి హాలీవుడ్ తలుపులు బార్లా తెరిచింది. ఆమెకు వార్హోల్ నిర్మించిన ‘ఫ్లెష్’ (1968), ‘విమెన్ ఇన్ రివోల్ట్’ (1971) దక్కాయి. తెర మీద వెలిగిపోయిన ఆ మనిషికి సొంత ఇల్లు లేదు. ఈ రోజు ఒక స్నేహితుడి ఇంట్లో, రేపు ఇంకొకరి సోఫా మీద.

‘మైరా బ్రెకిన్‌రిడ్జ్’ నవలను సినిమా తీస్తున్నారంటే ఎంతో ఆశపడింది. కథానాయిక ట్రాన్స్ మహిళ మరి! 1970లో వచ్చిన ఆ సినిమాలో ఆ పాత్ర రాక్వెల్ వెల్చ్‌కు ఇచ్చారు. ట్రాన్స్ మహిళ కథ కావాలి, ట్రాన్స్ మహిళ మాత్రం వద్దు. మనమేమీ తక్కువ తినలేదు. తమిళ సినిమా ‘సూపర్ డీలక్స్’లో ట్రాన్స్ మహిళగా నటించిన విజయ్ సేతుపతికి జాతీయ అవార్డు ఇచ్చి చప్పట్లు కొట్టాం. ఆయన గొప్ప నటుడే, కాదనను. ఆ పాత్ర ఒక ట్రాన్స్ నటికి ఇద్దామని మనలో ఎంతమందికి తట్టింది?

1972లో టెనెస్సీ విలియమ్స్ పట్టుబట్టి తన ‘స్మాల్ క్రాఫ్ట్ వార్నింగ్స్’ నాటకంలో క్యాండీకి వేషం ఇప్పించాడు. అమెరికాలోనే పేరుమోసిన నాటకకర్త అండగా ఉన్నాడు. అయినా ఏం లాభం? మేకప్ గదిలోకి ఆడవాళ్లు రానివ్వలేదు, మగవాళ్లూ రానివ్వలేదు. చివరికి చీపుర్లు పెట్టుకునే గది చూపించారు. అక్కడే ముస్తాబై, అక్కణ్ణుంచే వేదిక ఎక్కింది. ఇదంతా జరిగింది ఏ మారుమూల పల్లెలోనో కాదు, కొత్త భావాలకు మేమే రాజధాని అని చెప్పుకునే నగరంలో!

1974 మార్చి 21న లింఫోమా క్యాన్సర్‌తో పోయింది. అప్పటికి ఆమెకు 29 ఏళ్లు. ఆస్పత్రి మంచం మీద నిండుగా మేకప్ వేసుకుని, తల వెనక తెల్లటి చామంతులతో, దుప్పటి మీద ఒక గులాబీతో ఫొటోగ్రాఫర్ పీటర్ హ్యుజార్ ముందు పడుకుంది. చావుబతుకుల్లో కూడా వెలుగు ఎటునుంచి పడుతోందో, చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలిసిన నటి ఆమె. ఆ ఫొటోను కళాఖండమంటారు. అందులో సగం పని ఆమెదని ఎవరంటారు?

ఆమె పోయిన వెంటనే వార్హోల్ ‘లేడీస్ అండ్ జెంటిల్‌మెన్’ వర్ణచిత్రాలు మొదలుపెట్టాడు. మోడళ్లు బార్ల నుంచి తీసుకొచ్చిన నల్లజాతి, లాటినో ట్రాన్స్ మహిళలు, డ్రాగ్ కళాకారులు. వాళ్ల చేతిలో పెట్టింది తలా 50 డాలర్లు. ఆయనకు ముట్టింది దాదాపు 9 లక్షల డాలర్లు. వాళ్లలో ఉద్యమకారిణి మార్షా పి. జాన్సన్ కూడా ఉంది. బొమ్మలు గోడలెక్కాయి గానీ, వాళ్ల పేర్లు మాత్రం దశాబ్దాల పాటు బయటికి రాలేదు. దీన్ని చేరదీయడమంటారా? మా ఊళ్లో దోపిడీ అంటారు.

అండర్‌గ్రౌండ్ కళ వీళ్లకు చోటిచ్చిందన్న మాట పచ్చి అబద్ధం. వీళ్లే దానికి ముఖం ఇచ్చారు, గొంతు ఇచ్చారు, పేరు తెచ్చారు. ఆస్తి కూడబెట్టుకున్నవాళ్లు వేరు. ట్రాన్స్ మనుషుల కథలు తీసి ప్రగతిశీలురమని రొమ్ము విరుచుకునే దర్శకులారా, నిర్మాతలారా! మీ సానుభూతి మీ దగ్గరే ఉంచుకోండి. వేషం ఇవ్వండి, తెర మీద పేరు వేయండి, తోటి నటులకు ఇచ్చే పారితోషికమే ఇవ్వండి. ఆ తర్వాత మాట్లాడుదురుగాని విప్లవం గురించి.