విత్తులకొక మాన్యము

మన పూర్వులు దేవాలయము గట్టించినపుడు గోపురముతోనే తృప్తి నొందలేదు. నిత్యదీపమునకు నూనె యెవరు పోయవలయునో యాలోచించి మాన్యమును గూడ వ్రాసి యిచ్చిరి. కట్టడమునకు ఒక్కనాటి వ్యయము చాలును. దీపమునకు ప్రతిదినమును వ్యయము కావలయును. విత్తన భాండాగారముల విషయమున మన ప్రభుత్వములు ఈ ధర్మమునే పాటింపవలయునని మా వాదము.

ఇది ఏలూరు, తాడేపల్లిగూడెము పాఠకులకు దూరపు సంగతి కాదు. 1925 లో స్థాపింపబడిన మారుటేరు పరిశోధనాలయము నుండియే 1982 లో స్వర్ణ వరి వెలువడి దేశమున లక్షల యెకరములకు వ్యాపించినది. ఆ మేలును మేము కాదనము. కాని ఒక్క రకము పొలమంతయు నాక్రమించినపుడు కృష్ణకాటుకలు, అక్కుళ్లు వంటి పాత పేళ్లు వృద్ధుల నోట మాత్రమే మిగులును. కొల్లేటి చుట్టును వరిమళ్లు పెక్కు చేపల చెరువులైనవి. మడి చెరువైనచో దానితో పోయిన విత్తనము ఏ ధనమిచ్చినను తిరిగి రాదు.

పాత విత్తనముతో నేమి పని యని యడుగువారు కలరు. బుడమేరును తమ్మిలేరును ఒక్కసారి పొంగినపుడు ఆ నీటిని ఉప్పుటేరు వెంటనే సముద్రమునకు దీయజాలదు. వారము మించి మునిగిన స్వర్ణ కుళ్లిపోవును. ఒడిషా రైతుల నాటువరి నుండి యేర్చిన ఎఫ్.ఆర్. 13ఎ అను రకము మాత్రము రెండు వారములు మునిగియు బ్రతుకగలదు. దాని దిగుబడి స్వల్పము. అంగడిలో దానికి వెల లేదు. అయినను దానిని దాచి యుంచిరి. 2006 లో శాస్త్రజ్ఞులు ఆ గుణమునకు మూలమైన జన్యువును గుర్తించిరి; 2009 లో స్వర్ణ-సబ్1 మనదేశమున విడుదలయ్యెను. మన గోదావరి మండలపు వరికి ఒడిషా పేదరైతు విత్తనము ప్రాణదానము చేసినది. దానిని పారవైచి యుండినచో ఈ దానము జరిగెడిదా?

ఇక వ్యయము మాట. విత్తనమును తేమ తీయునట్లు ఆరబెట్టి, గాలి చొరని సంచులలో బిగించి, సున్నకు దిగువ 18 డిగ్రీల చలిలో నుంచవలయును. కొన్నియేండ్ల కొకసారి మొలకెత్తించి పరీక్షింపవలయును. మొలక శాతము తగ్గినచో మరల పొలమున పండించి క్రొత్త విత్తనమును దాచవలయును. అరటికి నాటుటకు పనికివచ్చు విత్తులే లేవు. కొబ్బరికాయ చలికి చచ్చును. వానిని సజీవమైన తోటలుగనే పెంచవలయును గనుక ఖర్చు మరింత హెచ్చు.

అయినను ఇది మోయరాని భారమా? పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ మొదలుగా 11 అంతర్జాతీయ భాండాగారముల లెక్కను కూ, పార్డీ, రైట్ అను ఆర్థికవేత్తలు 2004 నాటి గ్రంథమున తేల్చిరి. ఏటికి 57 లక్షల డాలర్లు చాలునట. 14.9 కోట్ల డాలర్ల మూలధనమును నూటికి 4 వంతున వడ్డీ కిచ్చినచో ఆ వడ్డీతోనే శాశ్వతముగా సాగునట. మాన్యమనగా నిదియే. సొమ్ము కన్న ఎడతెగకుండుట ముఖ్యము. ఏటేట బడ్జెట్టు దయపై బ్రతుకు దీపము ఒక్కయేడు ఆరినను చాలును. ఫిలిప్పైన్సు జాతీయ భాండాగారమును 2006 లో వరద ముంచెను; 2012 లో అగ్ని కాల్చెను.

విత్తనము రైతుల పొలముననే యుండవలయును గాని శీతలగదిలో నేల యని మరికొందరి యాక్షేపణ. పొలమున నుండుట మిక్కిలి మేలే. కాని నష్టమునకు పండు రకమును లోకహితము కొరకు పండింపుమని కౌలురైతును నిర్బంధించుట న్యాయము కాదు. లాభము దేశమునకు, నష్టము రైతునకు అనునది ఏ న్యాయస్థానమునను నిలువని ఒడంబడిక.

కావున మేము కోరునవి మూడు. మారుటేరు వరివిత్తులకును, కొవ్వూరు అరటితోటలకును రాష్ట్ర ప్రభుత్వము శాశ్వత నిధి నేర్పరుపవలయును. 2001 నాటి చట్టముచే నేర్పడిన జాతీయ జన్యునిధి నుండి పాత రకములను నిలుపు రైతులకు న్యాయమైన ప్రతిఫలము ముట్టవలయును. ప్రతి రకమును రెండు చోట్ల దాచి, మొలక లెక్కను ఏటేట ప్రజలకు ప్రకటింపవలయును.

చదువరులకును ఒక కర్తవ్యము కలదు. మీ గ్రామమున ఏ ముదుసలి గాదెలోనైన పాత విత్తనముండినచో దాని పేరు, ఊరు, గుణము వ్రాసి పరిశోధనాలయమునకు చేర్పుడు. పిడికెడు గింజలకు ఈనాడు వెల లేదు. అవి లేనినాడు వాని వెల తెలియును. కాని అప్పుడు కొనుటకు గింజ యుండదు.