కొత్తగా వచ్చినవారికి కాస్త గడువిద్దాం

"కొత్త ఒక వింత, పాత ఒక రోత" అని మన పెద్దలన్నారు. ఆ మాట అన్నవారికి రెండు మూడేళ్లకోసారి బదిలీ అయ్యి ఉండదు! బదిలీ ఉద్యోగుల పిల్లలకు కొత్త ఊరు వింతే, కానీ బెదురు కూడా. ఎన్నో ఊళ్లలో పాఠాలు చెప్పి బస్తర్ చేరిన నాకు ప్రతి బడిలోనూ రెండు మాటలు వినబడ్డాయి: "ఆ కొత్తబ్బాయి మొద్దు", "ఆ కొత్తమ్మాయికి పొగరు, ఎవరితోనూ మాట్లాడదు". ఈ రెండూ అన్యాయమైన మాటలని నా అభిప్రాయం. ఎందుకో సైన్సు చెబుతుంది.

1921లో ఆటో లోవీ అనే శాస్త్రవేత్త రెండు కప్పల గుండెలతో ఒక ప్రయోగం చేశారు. మొదటి గుండెకు వెళ్లే నరాన్ని ప్రేరేపిస్తే దాని వేగం తగ్గింది. ఆ గుండెను ఉంచిన ద్రవాన్ని తీసి రెండో గుండెకు అందిస్తే, నరాన్ని ముట్టుకోకుండానే అదీ నెమ్మదించింది. నరాలు రసాయనాలతో కబురు పంపుతాయని అలా తేలింది. 1936లో ఆయనకు, హెన్రీ డేల్‌కు కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. మన మెదడులోని దాదాపు 8600 కోట్ల నాడీకణాలూ ఎక్కువగా ఇలాగే మాట్లాడుకుంటాయి.

ఇప్పుడు కొత్త తరగతి గుమ్మంలో నిలబడ్డ పిల్లవాణ్ణి చూడండి. నలభై జతల కళ్లు అతని మీదే ఉన్నాయి. మెదడు ప్రమాదమేమో అనుకుంటుంది. మూత్రపిండాల మీదున్న గ్రంథుల నుంచి అడ్రినలిన్, కార్టిసాల్ రక్తంలోకి వస్తాయి. గుండె దడదడలాడుతుంది, అరచేతులు చెమటపడతాయి. కార్టిసాల్ మెదడులో జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్ మీద కూడా పనిచేస్తుంది. అందుకే నిన్న ఇంట్లో గడగడా అప్పజెప్పిన పాఠం ఈరోజు నోటికి రాదు. అది మొద్దుతనం కాదు. ఆ మౌనం పొగరూ కాదు, పరిసరాలను గమనించుకోవడం.

అదే మెదడులో డోపమైన్ కూడా ఉంది. మనం అనుకున్నదానికంటే మంచి జరిగినప్పుడు అది ఎగసి, "ఇది గుర్తుంచుకో" అని మెదడుకు నేర్పుతుంది. ఎవరూ పలకరించరనుకున్న పిల్లవాడికి మీరు బెంచీ మీద చోటిచ్చి, "నీ పేరేమిటి? ఆదివారం సంత చూశావా?" అని అడిగితే, అది అతను అనుకోని మంచి. ఆ చిన్న మాట అతని మెదడు దాకా చేరుతుంది.

పై తరగతుల పిల్లలు కొందరు "అంతా కెమికల్సే, మన చేతుల్లో ఏముంది?" అంటుంటారు. ఇది సగం నిజమే. రసాయనాలు మన ఆలోచనను మారుస్తాయి. మన నిద్ర, ఆట, స్నేహం ఆ రసాయనాలను మారుస్తాయి. దారి రెండు వైపులా ఉంది.

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్యులేషన్‌లో రెండుసార్లు తప్పి, మూడోసారి గట్టెక్కారు. ఆయనే తరువాత అమెరికాలో, సైరస్ ఫిస్కేతో కలిసి, కణాలకు శక్తినిచ్చే ఏటీపీని గుర్తించి 1929లో ప్రకటించారు. శరీర బరువులో రెండు శాతమే ఉండే మెదడు మన శక్తిలో అయిదోవంతు వాడేస్తుంది. అది నడిచేది ఏటీపీతోనే. ఆ రెండు తప్పులు చూసి ఆయన్ను మొద్దు అని తేల్చేస్తే ఎంత పొరపాటయ్యేది!

ఇంకో మాట. బదిలీ మనకే అనుకోకండి. ఇక్కడే పుట్టిన చాలామంది పిల్లలు ఇంట్లో గోండి, హల్బీ మాట్లాడతారు. బడి గేటు దాటగానే హిందీ, ఇంగ్లీషు. ఊరు కదలకుండానే వాళ్లు రోజూ బదిలీ అవుతున్నారు. ఆ బెదురు తెలిసినవాళ్లం మనమే అర్థం చేసుకోకపోతే ఇంకెవరు చేసుకుంటారు?

కాబట్టి నా మనవి ఇది. కొత్తగా వచ్చినవారికి మొదటి మూడు నెలలు ఏ పేరూ పెట్టవద్దు. మాట్లాడమని బలవంతపెట్టవద్దు, ఆటలోకి మాత్రం తప్పక పిలవండి. ఉపాధ్యాయులమైన మేము కూడా మొదటి యూనిట్ టెస్టు మార్కులు చూసి ఎవరినీ తేల్చేయకూడదు. దిగులు వారాల తరబడి వదలకపోతే, నిద్ర, ఆకలి తగ్గితే, దాచుకోకుండా అమ్మానాన్నలకో టీచరుకో చెప్పండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. అక్కడ తెలుగులోనూ మాట్లాడవచ్చు.

ఈ ఏడాది మీరు పాతవారు. వచ్చే ఏప్రిల్‌లో టీసీ ఎవరి చేతికి వస్తుందో, ఏ ఊళ్లో ఎవరు కొత్తవారవుతారో ఎవరికి తెలుసు?