పిలిచేది ఎవరు? పిలుపు ఎవరికి?

ఆసుపత్రి కంప్యూటరు రోగి తిరిగి రావలసిన తేదీని తానే లెక్కవేసి, తానే ఫోనుకు సందేశం పంపుతుంది కనుక, ఇక వైద్యంలో మరపూ లేదు, పక్షపాతమూ లేదు అని వాదించేవారు మన అధ్యాపకుల్లోనే బయలుదేరారు. మరపు సంగతి ఒప్పుకుంటాను. పక్షపాతం లేదన్న మాట మాత్రం ఒప్పుకోను.

మా అమ్మకు చక్కెర జబ్బు. ఆవిడ చూపించుకునే ప్రైవేటు ఆసుపత్రి నుంచి మూడు నెలలకోసారి సందేశం వస్తుంది, ఇంగ్లీషులో. తెలుగు తప్ప చదవలేని ఆవిడ ఫోను నా చేతికిచ్చి, "ఏమంటున్నార్రా?" అని అడుగుతుంది. అందులో సగం పరీక్ష తేదీ. సగం గుండె పరీక్షల ప్యాకేజీపై తగ్గింపు ధర. రెండేళ్ల క్రితం పోయిన మా నాన్న పేరుకూ ఆ పిలుపు వస్తూనే వున్నది. ఫోన్ చేసి చెప్పాను. "సిస్టంలో అలా వుందండీ" అన్నారు. కర్మ అంటే నవ్వే మనం, సిస్టం అంటే తలవంచుతున్నాం!

సిస్టంలో వున్నది ఎవరో పెట్టినదే. 2018 మేలో ఇంగ్లండు ఆరోగ్యమంత్రి, 68 నుంచి 71 ఏళ్ల స్త్రీలు సుమారు 4,50,000 మందికి రొమ్ము క్యాన్సరు పరీక్షకు చివరి పిలుపు అందలేదనీ, అది కంప్యూటరు లోపమనీ పార్లమెంటులో ప్రకటించాడు. ఆ డిసెంబరులో వెలువడిన స్వతంత్ర సమీక్ష ఆ సంఖ్య చాలా హెచ్చని తేల్చింది. ఏ వయసుదాకా పిలవాలన్న ఉత్తర్వుకూ, ఆచరణకూ పొత్తు లేకపోవడమే గందరగోళానికి మూలమన్నది. మనుషుల తప్పును ముందుగా మోసింది యంత్రం!

మన క్షయరోగి సంగతి చూడండి. మామూలు క్షయకు ఆరు నెలలపాటు ప్రతిరోజూ మందు వేసుకోవాలి. 99డాట్స్ పద్ధతిలో మాత్ర తీస్తే అట్ట వెనుక ఫోను నంబరు బయటపడుతుంది. రోగి దానికి ఉచితంగా ఫోన్ చేస్తే మాత్ర వేసుకున్నట్టు లెక్క. తెలివైన ఏర్పాటే. కాని ఇంట్లో వున్న ఒక్క ఫోనూ భర్త జేబులో వుంటే, కూలి స్త్రీ మాత్ర మింగి కూడా మాననిదానిగా లెక్కకెక్కుతుంది. నిజంగా మానితే ఎందుకు మానిందో — వికారమా, వలసా, ఆకలా — యంత్రం అడగదు. క్షయరోగి పోషణకు 2018 నుంచి నెలకు 500 రూపాయలిచ్చిన ప్రభుత్వం, 2024 నవంబరులో దాన్ని 1000 చేసింది. రోగికి కొరత జ్ఞాపకశక్తి ఒక్కటే కాదు, తిండి కూడా అని ఒప్పుకున్నట్టే కదా!

అయితే యంత్రాన్ని పగలగొట్టమంటావా అని అడగవచ్చు. అనను. సందేశం రోగి భాషలో వుండాలి. చదువురానివారికి గొంతుతో చేరాలి. అందులో అమ్మకపు మాట వుండరాదు. జవాబు రాకపోతే మరో సందేశం కాదు, మనిషి ఇంటికి వెళ్లాలి. ఆ వెళ్లే ఆశా కార్యకర్తకు పారితోషికం కాదు, జీతం ఇవ్వాలి.

ఇందులో తెలుగు పంతుళ్లకు పనేమిటంటారా? మా అమ్మకు అర్థమయ్యే తెలుగులో ఆ నాలుగు వాక్యాలు రాయడం సాహిత్యానికి తక్కువ పని అనుకునేవాడు, ప్రజల భాషను గురించి ఉపన్యాసాలు మానుకోవడం మంచిది.