ఫోటో చూసి దుప్పటి కొంటారు, గూళ్లు కొనరు



"కరోనా మనకు ఫోన్ నేర్పింది, ఇక దళారితో పని లేదు" అని మన గ్రూపుల్లో తరచూ కనపడుతున్నది. మేము సోలాపూర్ జిల్లాలో మల్బరీ పెంచేవాళ్లం. మా చుట్టాల్లో సగం మంది పట్నంలో పూర్వ భాగాన, అశోక్ చౌక్, సాఖర్ పేట వైపు మగ్గాల మీద బతికే పద్మశాలీలు. అటు నేత, ఇటు గూళ్లు రెండూ చూస్తున్నాం కాబట్టి చెప్తున్నాం: ఆ మాట సగమే నిజం.

ముందు నిజమైన సగం. 2020 మార్చి 25న లాక్‌డౌన్ పడంగనే మరమగ్గాలు ఆగినయి. నేసిన దుప్పట్లు, టవళ్లు కట్టలు కట్టలుగా ఉండిపోయినయి. కొనేవాళ్లు రాలేరు, మనవాళ్లు పోలేరు. అప్పుడు మా వాళ్లు దుప్పటి ఫోటో తీసి, కొలత, బరువు, రేటు రాసి వాట్సాప్‌లో పంపుడు మొదలుపెట్టినరు. డబ్బులు కూడా ఫోన్‌లోనే. దేశమంతా ఇదే తీరు. 2020 ఏప్రిల్‌లో యూపీఐ లావాదేవీలు 100 కోట్ల లోపుకు పడిపోయి, అదే ఏడాది అక్టోబరులో 200 కోట్లు దాటినయి. మామూలుగా ఏండ్లు పట్టే అలవాటు ఆరు నెలల్లో వచ్చింది. ఇది మంచిదే, కాదనం.

ఇప్పుడు రెండో సగం. ఫోన్ కొనేవాళ్లను మన గడపకు తెచ్చింది, వాళ్ల వెంట అమ్మేవాళ్లందరినీ తెచ్చింది. నాలుగు ఫోటోలు పక్కపక్కన పెట్టి చూసేవాళ్లు తక్కువ రేటు వైపే పోతారు. సోలాపూర్ దుప్పటికి భౌగోళిక గుర్తింపు ఉంది. అయినా వేరే ఊళ్లలో నేసిన సరుకు కూడా మా ఊరి పేరుతో అమ్ముడుపోతున్నది. పడుగు, పేక ఎంత గట్టివో ఫోటోలో తెలియదు. ఇక మగ్గం దగ్గర నిలబడే కూలీ సంగతి? ఆర్డరు ఫోన్‌లో వచ్చినా కూలీ మాత్రం పీసుకు ఇంత అనే పాత లెక్కే. సరుకు మీద తమ పేరు ఉన్నవాళ్లకు ఫోన్ లాభం ఇచ్చింది. పేరు లేనివాళ్లకు తొందర మాత్రం పెంచింది.

మన గూళ్ల సంగతి ఇంకా కష్టం. దుప్పటి ఆరు నెలలు ఆగుతుంది. గూడు ఆగదు. పురుగు గూడు కట్టిన పది పన్నెండు రోజులకు రెక్కల పురుగు బయటికొస్తుంది. గూటికి చిల్లు పడితే దారం తెగుతుంది, రీలర్ ముట్టడు. ఈ సంగతి కొనేవాళ్లకు బాగా తెలుసు. అందుకే ఫోన్‌లో చెప్పిన రేటు మార్కెట్ గడపలో తగ్గితే మనం కిక్కురుమనలేం. తెచ్చిన గూళ్లను వెనక్కి ఎక్కడికి తీసుకుపోతాం?

ఇంకో మాట. మన గ్రూపుల్లో రోజూ పెట్టేది ఆ రోజు పలికిన అన్నింటికన్నా పెద్ద రేటు. అది ఒక్క లాటుకు పలికింది. అది చూసి మనం ఆశపడుతున్నాం, ఇంటికొచ్చి బాధపడుతున్నాం. సగటు రేటు, కనిష్ఠ రేటు, బైవోల్టినా సంకరమా, ఎన్ని కిలోలు వచ్చినయి, ఇవి లేని రేటు సగం వార్త.

అందుకని మా అభిప్రాయం ఇది. ఫోన్ కావాలి, కానీ దాంతోపాటు మూడు కావాలి.

ఒకటి, తూకం చీటీ, డబ్బు రైతు పేరు మీదే ఉండాలి. రామనగరం మార్కెట్‌లో ఇ-వేలం ఉంది, డబ్బు రైతు ఖాతాకే పోతుంది. అన్ని మార్కెట్లలో అదే అడగాలి. పొలంలో ఆడవాళ్లు పనిచేస్తే ఖాతాలో వాళ్ల పేరూ ఉండాలి.

రెండు, వేలానికి ముందు గూళ్ల పరీక్ష. కిలో దారానికి ఎన్ని కిలోల గూళ్లు పడతాయో కాగితం మీద ఉండాలి. పట్టు చీరకు 2004 నుంచి సిల్క్ మార్క్ ఉంది. చీరకు ఉన్న నమ్మకం గూటికి ఎందుకు ఉండొద్దు?

మూడు, పది మంది రైతులకు కలిపి వేడిగాలి డ్రయ్యర్. ఎండబెట్టిన గూళ్లు నెలల తరబడి నిలువ ఉంటాయి. అప్పుడు ఫోన్‌లో "ఈ రేటుకు ఇవ్వం" అని చెప్పే ధైర్యం వస్తుంది.

ఈ మూడింటికీ యాప్ అక్కర్లేదు, మనం కలిసి అడగాలి. వచ్చే పంట అమ్మినప్పుడు ఎవరి రేటు వాళ్లు పైన చెప్పిన వివరాలతో సహా ఇక్కడ పెట్టండి. ఒక్క నెల అలా పెడితే అసలు సగటు ఎంతో మనకే తెలుస్తుంది. అడగడానికి పోయినప్పుడు చేతిలో లెక్క ఉంటుంది.