గరాజ్‌లో బయోడీజిల్, బేస్‌మెంట్‌లో బర్నర్

మా ఫ్రెండొకడు బోస్టన్ దగ్గర పాత ఇల్లు కొన్నాడు. అటువైపు పాత ఇళ్ళల్లో చాలావాటికి ఇప్పటికీ హీటింగ్ ఆయిలే దిక్కు. బేస్‌మెంట్‌లో పెద్ద ఇనప టాంకు, పక్కనే బర్నర్. మొదటి చలికాలం బిల్లు చూసి మావాడి గుండె గుభేలుమంది. ఇండియన్ రెస్టారెంట్లో బజ్జీలు వేయించిన నూనె ఊరికే తెచ్చి, గరాజ్‌లో బయోడీజిల్ తయారుచెయ్యడం మొదలెట్టాడు.

"హీటింగ్ ఆయిలంటే డీజిల్‌కి తమ్ముడే కదా మామా, ఏం కాదు" అంటూ టాంకులో ఇరవై శాతం కలిపేశాడు.

చుట్టరికం నిజమే. కానీ జనవరిలో ఓ రాత్రి రెండింటికి బర్నర్ ఆగిపోయింది. బయట మైనస్ 15 డిగ్రీలు. మేడమీద, గుంటూరు నుంచి మొదటిసారి వచ్చిన వాళ్ళ అమ్మానాన్నా! నేను వెళ్ళేసరికి ఆంటీ రెండు స్వెట్టర్ల మీద కొడుకు కోటు వేసుకుని కూర్చున్నారు.

చలికి ఆయిల్ గడ్డకట్టిందేమో అనుకున్నాం. కాదు, టాంకు ఇంట్లోనే ఉందిగా. ఫిల్టర్ విప్పితే నల్లటి బురద. బయోడీజిల్‌కి మడ్డిని కరిగించే గుణం ఉంది. ఏళ్ళ తరబడి టాంకు అడుగున పేరుకున్నదంతా కదిలించి ఫిల్టర్‌లోకి తోసింది. ఇది కొన్న బయోడీజిల్‌తో కూడా జరగొచ్చు. ఫిల్టర్ మారిస్తే సరి.

మడ్డి కంటికి కనపడింది, మార్చేశాం. నా భయమల్లా కనపడని వాటి గురించే. నూనెలో మిథనాల్, కాస్టిక్ సోడా కలిపితే బయోడీజిల్, గ్లిజరిన్ వస్తాయి. సరిగ్గా కడక్కపోతే అందులో సబ్బూ, మిథనాలూ మిగిలిపోతాయి. సబ్బు ఫిల్టర్‌కీ నాజిల్‌కీ అడ్డుపడుతుంది. మిథనాల్ ఆవిరి 11, 12 డిగ్రీలకే నిప్పు తగిలితే అంటుకుంటుంది, అదే మంచి బయోడీజిల్‌కైతే 93 డిగ్రీలు దాటాలి. మావాడు 27 మిల్లీలీటర్ల మిథనాల్‌లో 3 మిల్లీలీటర్లు కలిపి "చూడు, అడుగున ఏం దిగలేదు, టెస్టు పాస్" అంటాడు. ఆ టెస్టు చెప్పేది మారకుండా మిగిలిన నూనె ఉందా లేదా అనే. సబ్బు సంగతీ మిథనాల్ సంగతీ చెప్పదు.

బయోడీజిల్ మీద నాకేం కోపం లేదు. అమెరికా ప్రమాణాల ప్రకారం మామూలు హీటింగ్ ఆయిల్‌లోనే 5 శాతం దాకా ఉండొచ్చు, 20 శాతం దాకా కలిపినదానికి వేరే గ్రేడే ఉంది. రోడ్ ఐలాండ్ అయితే 2030 కల్లా 50 శాతం కలపాలని 2021లో చట్టమే చేసింది. కాకపోతే అక్కడ కలిపేది పరీక్షలు చేసిన సరుకు.

"మరి కార్లలో పోసుకుంటున్నారుగా?" అంటాడు. కారు ఆగితే రోడ్డు పక్కన ఆగుతుంది, టో ట్రక్కు వస్తుంది. ఇంట్లో బర్నర్ ఆగితే పైపుల్లో నీళ్ళు గడ్డకట్టి పగులుతాయి, పైన మనుషులు నిద్రపోతుంటారు. మన ఆఫీసులో టెస్టు చెయ్యని కోడ్‌ని శుక్రవారం సాయంత్రం ప్రొడక్షన్‌లో పెట్టనివ్వం కదా, అమ్మానాన్నా పడుకున్న ఇంటికి ఆపాటి జాగ్రత్త అక్కర్లేదా?

ఇప్పుడు మావాడు కలిపిన ఆయిలే డీలర్ దగ్గర కొంటున్నాడు. బిల్లు చూసి ఇంకా తిడుతూనే ఉన్నాడనుకోండి :) నా మటుకు నాకు అదే చవక. మీరేమంటారు?